హైదరాబాదు – జిద్దా: దూరమెంత? కాలమెంత?

తెలుగు అధ్యాపకునికి విమానాలతో పని ఏమున్నదని పాఠకులు అనుకోవచ్చును. పద్యంలో గణాలు లెక్కపెట్టవలసినవాడు ఆకాశంలో గంటలు లెక్కపెట్టనేల? ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఈ విషయం నేను కోరి ఎన్నుకొన్నది కాదు. ఒక విద్యార్థి అన్న మాటకు ఆనాడు నేను చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

2022లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి టి.సి. దరఖాస్తుపై సంతకం కోసం నా వద్దకు వచ్చినాడు. ఇంటిలో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు. రెండవ భాషగా తెలుగు తీసుకొని, తరగతిలో అందరికంటె స్పష్టంగా పద్యం చదివేవాడు. పరీక్షలకు ఇంకా మూడు నెలల వ్యవధి ఉన్నది. జిద్దాలో ఒక ఇంటివారి కారు నడిపే పని కుదిరినదని, వీసా కూడ వచ్చినదని చెప్పినాడు. "అంత దూరం పోతే చదువు సంగతి ఏమిటి?" అని అడిగినాను. అతడు నవ్వి, "దూరమేముంది సార్? ఆరు గంటలే. మన దగ్గర నుంచి విశాఖపట్నం పోవాలంటే రాత్రంతా రైల్లో ఉండాలి. దానికంటే జిద్దా దగ్గర" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. సంతకం చేసి పంపినాను.

ఈ మాట ఆ ఒక్క విద్యార్థిది కాదు. ఈనాడు "ఎంత దూరం?" అని అడిగితే "ఇన్ని గంటలు" అని చెప్పడం మనందరికీ అలవాటైపోయినది. దుబాయి నాలుగు గంటలు, జిద్దా ఆరు గంటలు, లండను పది గంటలు అని చెప్పుకొంటున్నాము. కాలం దూరానికి కొలత కాదని, ఆ రెండింటినీ ఒకటిగా భావించడం వలన మన యువకులు మోసపోతున్నారని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి గల కారణాలను క్రమంగా మనవి చేస్తాను.

మొదట మాటల సంగతి చూద్దాము. దూరాన్ని కాలంతో కొలవడం కొత్త అలవాటు కాదన్నది నిజమే. మన పూర్వులకు క్రోసు, ఆమడ అనే కొలతలు ఉండేవి. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు. కాని బాటసారి నోట ఎక్కువగా వినిపించిన మాట "మజిలీ". ఒక దినం నడిచి రాత్రికి ఆగే చోటు మజిలీ. ఈ మాట అరబీ భాషలోని "మంజిల్" నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోనికి వచ్చినది. కాశీమజిలీ కథలు చదివిన తెలుగు పాఠకులలో ఎందరు ఆ పేరులోని రెండు పదాలు రెండు నాగరికతల నుండి వచ్చి కలిసినవని గమనించినారో నాకు తెలియదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరాలలో చెన్నపట్నం నుండి హైదరాబాదు మీదుగా కాశీకి పోయి వచ్చినప్పుడు మజిలీ తరువాత మజిలీగా తన యాత్రను వ్రాసి ఉంచినారు. ఏ ఊరిలో నీళ్ళు దొరుకును, ఏ ఊరిలో సామాను దొరుకును, దారి ఎట్టిది అని వ్రాసినారు. ఆనాటి మజిలీలో కాలమూ ఉన్నది, దూరమూ ఉన్నది, దారిలోని మనుషులూ ఉన్నారు. కాలంతో కొలిచినా దూరం మరుగునపడలేదు. ప్రతి అడుగు కాళ్ళకు తెలిసేది.

విమానంలో కాళ్ళకు తెలిసేది ఏమీ లేదు. అందుచేత బుద్ధితో తెలుసుకొనవలసి ఉన్నది. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైనది. అంతకుముందు మన ప్రయాణికులు బేగంపేట నుండి ఎగిరేవారు. జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయం 1981లో ప్రారంభమైనది. ఈ రెండింటి మధ్య భూమి ఉపరితలం మీద అతి దగ్గర దారిని లెక్కిస్తే సుమారు 4,130 కిలోమీటర్లు వస్తుంది. పాత లెక్కలో చెప్పవలెనంటే మూడు వందల ఇరవై ఆమడలు. దినానికి రెండామడలు నడిచే మనిషికి, నడుమ సముద్రమే లేదనుకొన్నా, ఐదు నెలలకు పైగా పట్టే దారి ఇది.

"అతి దగ్గర దారి" అన్న మాటను కొంచెం వివరించవలెను. గోడ మీది పటంలో రెండు ఊళ్ళ మధ్య స్కేలు పెట్టి గీసిన గీత దగ్గర దారి కాదు. భూమి గుండ్రనిది గనుక గ్లోబు మీద రెండు ఊళ్ళను దారంతో బిగించి పట్టుకొంటే ఆ దారం పడే చోటే దగ్గర దారి. పటం మీది గీత ప్రకారం హైదరాబాదు నుండి మక్కా పడమరకు ఆరు డిగ్రీలు మాత్రమే ఉత్తరంగా ఉన్నట్లు తోచును. గ్లోబు మీది దారం ప్రకారం పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా బయలుదేరవలెను. ఆ దారి క్రమంగా ఎడమకు వంగుతూ మక్కా చేరే సమయానికి దాదాపు నేరుగా పడమరకు తిరిగి ఉంటుంది. మన మసీదులలో ఖిబ్లా దిశను సరిగా నిర్ణయించడానికి పెద్దలు చేసే లెక్క ఇదే. విమానం నడిపేవారు ఆధారం చేసుకొనే లెక్క కూడ ఇదే. అమెరికా పడమర దేశమని మనం అనుకొంటాము. హైదరాబాదు నుండి షికాగోకు దారం బిగిస్తే అది దాదాపు ఉత్తర దిశగా సాగిపోవడం చూసి ఆశ్చర్యపోని విద్యార్థి ఉండడు.

ఈ లెక్క మన విద్యార్థులకు పరాయిది కాదు. 973లో ఖ్వారిజ్మ్ దేశంలో పుట్టిన అల్‌బిరూనీ దీనికోసమే ఒక గ్రంథం వ్రాసినాడు. ఊళ్ళ మధ్య దూరాలను సరిచూసి స్థానాలను నిర్ణయించే ఆ గ్రంథం 1025లో పూర్తి అయినది. ఘజ్నీ నగరం నుండి ఖిబ్లా ఏ దిశలో ఉన్నదో తేల్చడం దాని ముఖ్య ప్రయోజనాలలో ఒకటి. బిడారులవారు చెప్పిన దూరాలను తీసుకొని, దారి వంకరలకు కొంత తగ్గించి, బాగ్దాదు నుండి ఘజ్నీ వరకు మజిలీ మజిలీగా లెక్క కట్టినాడు. నేటి పాకిస్తాన్ పంజాబులోని నందన కోట వద్ద కొండ ఎక్కి, దిక్చక్రం ఎంత క్రిందికి వంగి కనబడుతున్నదో కొలిచి, భూమి వ్యాసార్ధాన్ని గణించినాడు.

అంతకుముందే 997లో మరొక పని చేసినాడు. ఒకే చంద్రగ్రహణాన్ని తాను కాత్ నగరంలోను, గణితవేత్త అబుల్ వఫా బాగ్దాదులోను చూసి కాలాలను గుర్తించుకొన్నారు. గ్రహణం అందరికీ ఒకే క్షణంలో జరుగుతుంది. ఆ క్షణంలో కాత్‌లో ఎంత పొద్దయినది, బాగ్దాదులో ఎంత పొద్దయినది అన్న తేడా సుమారు ఒక గంట వచ్చినది. ఆ తేడా నుండి రెండు నగరాల రేఖాంశాల మధ్య అంతరాన్ని తెలుసుకొన్నారు. విమానం లేదు, గడియారం వంటి గడియారమూ లేదు. వేయి సంవత్సరాల క్రిందట కాలానికి దూరానికి గల సంబంధం వారికి తెలిసినంతగా, చేతికి గడియారం, జేబులో టికెట్టు ఉన్న మనకు తెలియదని ఒప్పుకొనడానికి సిగ్గుపడనక్కరలేదు. తెలుసుకొనకపోవడానికే సిగ్గుపడవలెను.

ఇక ఆ "ఆరు గంటల" సంగతి చూద్దాము. మన గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. సౌదీ గడియారం 45 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. తేడా 37½ డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది గనుక రెండు గడియారాలకు 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటల తేడా. ఉదాహరణకు ఒక విమానం శంషాబాదులో ఉదయం 10 గంటలకు బయలుదేరి, జిద్దాలో అక్కడి గడియారం ప్రకారం మధ్యాహ్నం 1 గంట 15 నిమిషాలకు దిగినదనుకొందాము. టికెట్టు మాత్రమే చూచినవానికి ఇది మూడుంబావు గంటల ప్రయాణం. నిజానికి ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అక్కడ మధ్యాహ్నం 2 గంటలకు ఎక్కి ఇక్కడ రాత్రి 9.30కు దిగితే ఏడున్నర గంటలుగా కనబడును. నిజానికి ఐదు గంటలే. టికెట్టు మీది రెండు లెక్కలను కూడి చూడండి. పది గంటల నలభై ఐదు నిమిషాలు. నిజమైన రెండు కాలాలను కూడినా అంతే వచ్చును. పోయేటప్పుడు గడియారం దాచిన కాలాన్ని వచ్చేటప్పుడు వసూలు చేసుకొంటుంది. ఈ చిన్న లెక్క బోధించడానికి గణిత శాఖవారే అవసరం లేదు.

పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ కాలం పట్టడానికి కారణం గాలి. విమానాలు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతాయి. ఆ ఎత్తులో, విశేషంగా శీతకాలంలో, పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీస్తాయి. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి 60 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీది లెక్కలో వేగం 790 అవుతుంది. అదే గాలి వెనుక నుండి తోస్తే 910 అవుతుంది. నాలుగు వేల కిలోమీటర్లకు పైబడిన దారిలో ఈ తేడా నలభై నిమిషాలకు వస్తుంది. వానకాలంలో మన దేశం మీద చాల ఎత్తున తూర్పు గాలులు వీచి ఈ తేడాను తగ్గిస్తాయి. ఈ తూర్పు గాలుల ప్రవాహాన్ని 1958లో లోకానికి వివరించిన శాస్త్రజ్ఞుడు మన తెలుగువారే అయిన పి. కోటేశ్వరం గారు. తరువాత వారు భారత వాతావరణ శాఖకు అధిపతి అయినారు. మన పాఠ్యగ్రంథాలలో వారి పేరు కనబడకపోవడం విచారకరం.

గాలితో పాటు రాజ్యాలు కూడ దారిని మార్చుతాయి. 2019 ఫిబ్రవరి నుండి జూలై వరకు పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసివేసినప్పుడు ఢిల్లీ నుండి యూరపు, అమెరికాలకు పోయే విమానాలు చుట్టు తిరిగి పోవలసి వచ్చినది. భూమి పెరగలేదు, ఊళ్ళు కదలలేదు. అయినను ప్రయాణం పొడుగైనది. కనుక "ఇన్ని గంటలు" అన్నది భూమి గుణం కాదు. అది గాలికి, యంత్రానికి, రాజ్యానికి లోబడిన అంకె.

పైగా టికెట్టు మీద ఉన్న కాలం ఒక ద్వారం నుండి మరొక ద్వారం వరకే. మన పట్టణం నుండి శంషాబాదు చేరడానికి మూడు గంటలు. విమానానికి మూడు గంటలు ముందుగా హాజరు కావలెను. అక్కడ దిగిన తరువాత తనిఖీలకు, సామానుకు, పని స్థలానికి చేరడానికి మరి మూడు గంటలు. ఆరు గంటలు పదిహేను గంటలైనవి. ఇంకా అసలు దూరం మొదలు కాలేదు.

ఈ సందర్భంలో మన ఫిఖ్ శాస్త్రంలోని ఒక విషయాన్ని గుర్తు చేయదలచినాను. ప్రయాణికుడు నమాజును ఖస్ర్ చేయవలసిన దూరాన్ని హనఫీ పండితులు మూడు దినాల నడకగా నిర్ణయించినారు. మన దేశంలో దానిని 48 మైళ్ళుగా లెక్కించే ఆచారం ఉన్నది. రైలు వచ్చినది, మోటారు వచ్చినది, విమానం వచ్చినది. 48 మైళ్ళు ఈనాడు విమానానికి ఆరు నిమిషాల పని. అయినను పండితులు ఆ దూరాన్ని మార్చలేదు. వేగంగా పోయినవాడు కూడ ముసాఫిరే అన్నారు. నాకు ఈ తీర్పు చాల లోతైనదిగా కనబడుతుంది. వాహనం వేగం పెరిగినంత మాత్రాన ఇల్లు విడిచినవాని స్థితి మారదు. తన వారు లేని చోట, తన మాట చెల్లని చోట ఉన్నవాడు ఆరు నిమిషాలలో చేరినా ముసాఫిరే, ఆరు నెలలలో చేరినా ముసాఫిరే.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. 1995 వరకు హాజీలు బొంబాయి నుండి జిద్దాకు ఓడ మీద పోయేవారు. నాలుగు వేల కిలోమీటర్లకు పైబడిన సముద్రమార్గంలో వారం దినాలకు పైగా గడిపేవారు. బయలుదేరే ముందు ఊరివారందరినీ కలిసి "మాఫ్ కర్‌నా" అని వేడుకొనేవారు. అప్పులు తీర్చేవారు. అమానతులు అప్పగించేవారు. తాము తిరిగి రాకపోతే ఏది ఎవరికి చెందవలెనో చెప్పి పోయేవారు. అది భయం కాదు. దూరానికి ఇవ్వవలసిన మర్యాద. ఆనాడు అప్పు తీర్చి బయలుదేరేవారు. ఈనాడు మన యువకులు అప్పు చేసి బయలుదేరుతున్నారు. పోయేచోట పని ఏమిటి, జీతమెంత, సెలవెప్పుడు అని వ్రాసిన కాగితాన్ని చదవకుండానే సంతకం చేస్తున్నారు. "ఆరు గంటలే కదా" అన్న ధైర్యమే ఇందుకు కారణం.

నా విద్యార్థి కథ ఇక్కడ ముగించవలసి ఉన్నది. 2023లో ఒక శుక్రవారం ఉదయం అతని తండ్రి గుండెపోటుతో మరణించినారు. మన ఆచారం ప్రకారం ఖననాన్ని ఆలస్యం చేయరాదు. అస్ర్ నమాజు తరువాత జనాజా లేచినది. నేను కూడ వెళ్ళినాను. అతని తమ్ముడు చేతిలో ఫోను పట్టుకొని నడిచినాడు. ఆ ఫోనులో జిద్దాలో ఉన్న కుమారుడు తండ్రి జనాజాను చూసినాడు. విమానాలకు కొరత లేదు. ఆ సాయంత్రమే ఒకటి ఉన్నది. కాని పాస్‌పోర్టు యజమాని వద్ద ఉన్నది. ఆ యజమాని ఊరిలో లేడు. దేశం విడిచి తిరిగి రావడానికి అనుమతి పత్రం కావలెను. సౌదీ ప్రభుత్వం 2021 మార్చిలో చట్టాలను సవరించి, యజమాని అనుమతి లేకుండ పోయి వచ్చే హక్కును ఎందరో కార్మికులకు కల్పించినది. అది మెచ్చదగిన సంస్కరణ. కాని ఇళ్ళలో పనిచేసేవారిని, ఇంటి కారు నడిపేవారిని ఆ సంస్కరణలో చేర్చలేదు. ఆ సంగతి అతనికి తెలియదు. సంతకం చేసిన నాకూ తెలియదు. పదవ తరగతి పాసయినవాడు గనుక అతని పాస్‌పోర్టుకు వలస అనుమతి ముద్ర అవసరం లేదు. అవసరం లేదు గనుక బయలుదేరే ముందు అతని ఒప్పందాన్ని ఏ అధికారీ చూడలేదు. మనం గౌరవంగా భావించే చదువే ఆ ఒక్క రక్షణను తొలగించినది.

అతడు ఇల్లు చేరేసరికి పదకొండు దినాలైనవి. కబరస్తానులో మట్టి ఆరిపోయినది. నేను పరామర్శకు పోయినప్పుడు చాలసేపు మౌనంగా కూర్చున్నాడు. చివరకు, "దగ్గరనే అనుకున్నాను సార్" అన్నాడు. అంతకంటె ఎక్కువ మాట్లాడలేదు. ఇప్పుడు చెప్పండి, హైదరాబాదునకు జిద్దాకు దూరం ఆరు గంటలా? పదకొండు దినాలా?

ఈ వ్యాసం చదివి నేను గల్ఫు ప్రయాణాలకు విరోధినని ఎవరూ అనుకొనవద్దు. ఆ సంపాదనతో మన పట్టణంలో ఎన్నో ఇళ్ళు లేచినవి, ఎందరో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగినవి, ఎందరో తమ్ముళ్ళు చదువుకొన్నారు. మన కళాశాలలో కొందరి ఫీజు కూడ అక్కడి నుండే వస్తున్నది. ఇక్కడ ఉద్యోగం లేక, పొలం లేక, ఇంటిలో ఆకలి ఉన్న యువకుణ్ణి "పోవద్దు" అనే అధికారం నెల జీతం తీసుకొనే నాకు లేదు. పోవడం తప్పు కాదు. ఎంత దూరం పోతున్నాడో తెలియకుండ పోవడం తప్పు. ఆ తప్పు విద్యార్థిది కాదు, బోధించవలసిన మనది.

జిద్దా విమానాశ్రయంలో హజ్ యాత్రికుల కోసం కట్టిన భాగం ఒకటి ఉన్నది. ఎడారి గుడారాలను తలపించే 210 తెల్లని గుడారపు కప్పులు దానికి నీడ. వాటి నిర్మాణాన్ని రూపొందించిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టినవాడు. షికాగోలో ఆకాశాన్ని అంటే సియర్స్ టవరుకు కూడ ఆయనే నిర్మాణ శిల్పి. 1982లో ఆ జిద్దా నగరంలోనే మరణించినాడు. మరుసటి సంవత్సరం ఆ కట్టడానికి ఆగాఖాన్ పురస్కారం లభించినది. బెంగాలు నుండి జిద్దా మనకంటె మరికొంత ఎక్కువ దూరమే. కాని ఆయన పోయినది చదువు పూర్తి చేసుకొని. నా విద్యార్థి పోయినది చదువు మధ్యలో వదలి. ఒకే విమానాశ్రయంలో దిగిన ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని ఏ విమానమూ తగ్గించలేదు. దానిని తగ్గించగలిగినది కళాశాల ఒక్కటే.

కావున కళాశాల పాలక సంఘం పెద్దలకు మూడు విషయాలు సవినయంగా మనవి చేస్తున్నాను.

మొదటిది: మన గ్రంథాలయంలో ఒక పెద్ద గ్లోబు, ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను అట్లాసులు ఉంచవలెను. వారానికి ఒక పీరియడు ఉర్దూ మాధ్యమం, తెలుగు మాధ్యమం విద్యార్థులను ఒకే గదిలో కూర్చోబెట్టి భూగోళం, కాలమానం, దేశాల చట్టాలు బోధించవలెను. దారం పట్టుకొనేవాడు ఒకడు, లెక్క కట్టేవాడు ఒకడు అయితే రెండు మాధ్యమాల మధ్య ఉన్న దూరం కూడ కొంత తగ్గును.

రెండవది: విదేశానికి పోయే విద్యార్థి టి.సి. కోరినప్పుడు, సంతకానికి ముందు అతని ఉద్యోగ ఒప్పందాన్ని చదివి వినిపించే ఏర్పాటు చేయవలెను. మన అరబీ శాఖవారు, వాణిజ్య శాఖవారు కలిసి కూర్చుంటే ఇది అరగంట పని. పని ఏమిటి, పాస్‌పోర్టు ఎవరి వద్ద ఉండును, ఆపద వచ్చినప్పుడు ఎట్లు రావలెను అని ఆ అరగంటలో అడిగి తెలుసుకొనవచ్చును. నేను ఆనాడు ఆ అరగంట వెచ్చించలేదు.

మూడవది: చదువు మధ్యలో పోయినవారి పేర్లను ఒక పుస్తకంలో వ్రాసి ఉంచి, సెలవులో వచ్చినప్పుడు పిలిచి, మిగిలిన పరీక్షలు వ్రాయించే బాధ్యత కళాశాల తీసుకొనవలెను. మనవద్ద వీలుకాకపోతే 1982లో స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. నా విద్యార్థి ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు. పగలు ఆటో నడుపుతూ రాత్రులు మిగిలిన పరీక్షలకు చదువుతున్నాడు. ఈ వ్యాసం వ్రాయడానికి అతని అనుమతి తీసుకొన్నాను.

ప్రియ విద్యార్థులారా! మీలో ఎందరో రేపు శంషాబాదు నుండి ఎగురుతారు. సంతోషంగా వెళ్ళండి. కాని టికెట్టు చేతికి వచ్చిన నాడు ఒకసారి గ్రంథాలయానికి వచ్చి, గ్లోబు మీద దారం పెట్టి చూడండి. ఆ తరువాత నాలుగు ప్రశ్నలు వేసుకొనండి. పోవడానికి ఎన్ని గంటలు? కోరినప్పుడు తిరిగి రావడానికి ఎన్ని దినాలు? చేసిన అప్పు తీర్చడానికి ఎన్ని నెలలు? వదలిన చదువు పూర్తి చేయడానికి ఎన్ని సంవత్సరాలు? ఈ నాలుగింటిని కూడితే వచ్చేదే మీ ప్రయాణ దూరం. మొదటి ప్రశ్నకు సమాధానం టికెట్టు మీద ఉంటుంది. తక్కిన మూడింటిని మీరే లెక్క కట్టుకొనవలెను. ఆ లెక్క కట్టే శక్తిని అల్లాహ్ మీకు ప్రసాదించుగాక. దానిని నేర్పే శ్రద్ధను మాకు ప్రసాదించుగాక.